పురుషుల మానసిక ఆరోగ్యం కోసం గ్రామ పంచాయతీ ఏం చేయగలదు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు కోనసీమలో గౌతమి ఒడ్డున ఉన్న ఒక పంచాయతీకి వార్డు సభ్యులు. ఏడాది తిరగకుండానే మీ ఊళ్లో ఇద్దరు మగవాళ్లు ఆత్మహత్య చేసుకున్నారు. ఒకరు కౌలు రైతు, ఇంకొకరు కువైట్ నుంచి తిరిగివచ్చి పని లేక ఇంటిపట్టున ఉన్నవారు. గ్రామసభలో డ్వాక్రా మహిళలు లేచి, తమకు కష్టం వస్తే చెప్పుకోవడానికి సంఘం ఉంది గాని తమ ఇళ్లలోని మగవాళ్లకు ఎవరున్నారని నిలదీశారు. అలాంటి ఖర్చుకు పద్దు లేదని కార్యదర్శి చెప్పారు. కౌన్సెలింగ్ కేంద్రం పేరుతో ఒక గది కట్టిద్దామని సర్పంచి గారు అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలని మీరు అడుగుతున్నారు.

నన్నడిగితే రెండూ వద్దు. డెల్టా మండలాల్లో మొదట ఈఓపీఆర్డీగా (పంచాయతీల పని చూసే మండల విస్తరణాధికారిగా), తర్వాత ఎంపీడీఓగా చాలాకాలం పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఆరోగ్య సిబ్బందితో కలిసి ఇదే విషయం మీద ఊళ్లు తిరుగుతున్నవాడిగా నాకు తేలిన విషయం ఒక్కటే. మన ప్రాంతపు మగవాడు మనసు బాగోలేదని చెప్పుకోవడానికి ఏ గదికీ రాడు. కాని నష్టపోయినప్పుడు మాత్రం ప్రభుత్వం ముందుకు తప్పకుండా వస్తాడు. పంట నష్టం రాయించుకోవడానికి, ధాన్యం తేమ చూపించుకోవడానికి, వేట విరామ భృతి జాబితాలో పేరు ఉందో లేదో అడగడానికి, ఇంటి పన్ను వాయిదా కోరడానికి సచివాలయం గుమ్మంలో నిలబడతాడు. మద్దతు మొదలుకావలసినది ఆ గుమ్మంలోనే, ఆ రోజునే. దీనికి కొత్త భవనంతో గాని కొత్త ఉద్యోగితో గాని పనిలేదు. ఇప్పుడున్న సిబ్బంది ఇప్పుడు చేస్తున్న పనికే మరో చిన్న పనిని జతచేసి, అది సక్రమంగా జరుగుతోందో లేదో పంచాయతీ నెలనెలా చూసుకుంటే చాలు.

ముందు అధికారం, డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే కార్యదర్శి గారి అభ్యంతరం అక్కడే ఉంది. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి, సాంఘిక సంక్షేమం కూడా ఉంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఇప్పుడు తొమ్మిది ఇతివృత్తాల కింద రాస్తున్నారు. వాటిలో ఆరోగ్యకర గ్రామం ఒకటి. కాబట్టి ప్రణాళికలో చేర్చడానికి అడ్డు లేదు. డబ్బు విషయంలో మాత్రం కార్యదర్శి మాటలో సగం నిజం ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చు గాని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదు. అంటే ఆ నిధులతో కౌన్సెలర్‌ను నియమించలేరు. అయితే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయల వరకు షరతుల్లేని నిధి ఉంటుంది. ఇక మన డెల్టా పంచాయతీల్లో చాలావాటికి చేపల చెరువుల వేలం, రేవు పాట, సంత ఆశీలు వంటి సొంత ఆదాయం ఉంది. అది సాధారణ నిధి. నేను కింద చెప్పబోయే పనికి పెద్ద ఖర్చు రోగికీ తోడు వెళ్లేవారికీ ప్రయాణ ఛార్జీలే, దానికి ఈ రెండూ సరిపోతాయి.

ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు ఇవన్నీ చేస్తున్నాయి కదా అని మీరు ఉదహరించారు. అక్కడ 2013 ఏప్రిల్ నుంచి ప్రజారోగ్య బాధ్యత చట్టప్రకారం కౌన్సిళ్ల చేతికి వచ్చింది. దానికి ప్రత్యేక గ్రాంటు, ప్రత్యేక అధికారి ఉన్నారు. మన పంచాయతీకి బాధ్యత కాగితం మీద ఉంది, డాక్టరు మాత్రం వేరే శాఖ కింద ఉంటారు. ఆ పోలికతో మన సర్పంచిని తప్పుపట్టడం న్యాయం కాదు.

మగవాళ్ల గురించే ఎందుకు అనే ప్రశ్న గ్రామసభలో తప్పక వస్తుంది కనుక నాలుగు అంకెలు దగ్గర పెట్టుకోండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,22,724 మంది పురుషులు. మొత్తం మృతుల్లో నాలుగో వంతుకు మించి దినసరి కూలీలే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నవారు పురుషుల్లో 13.9 శాతం, స్త్రీలలో 7.5 శాతంగా తేలారు. ఆ తేడాలో పెద్ద వాటా మద్యం వంటి వ్యసనాలది. డిప్రెషన్ ఒక్కటే తీసుకుంటే స్త్రీలలోనే కొంత ఎక్కువ. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి దాన్ని మన జిల్లా లెక్కగా మాత్రం చదవకండి. ఈ అంకెలు చెప్పేదాని సారం ఏమంటే, మగవాడి బాధ ముందు తాగుడుగానో కోపంగానో బయటపడుతుంది. ఇంట్లో ఆడవాళ్లు దెబ్బలు తిన్నాక గాని అది బాధ అని ఎవరికీ తోచదు. అందుకే ఈ పని కోరుతున్నది డ్వాక్రా మహిళలు కావడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఇక అసలు విషయం. మన ఊళ్లలో మగవాడు కుంగిపోయే సందర్భాలు గాలిలోంచి ఊడిపడవు. ఏ నెలలో, ఎవరికి రాబోతున్నాయో పంచాయతీకి ముందే తెలుస్తాయి.

కౌలు రైతును తీసుకోండి. డెల్టాలో మడిలో దిగేవాళ్లలో చాలామందికి ఆ భూమి సొంతం కాదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల పత్రం రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టనంటే పత్రం లేదు, పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, ఎరువుల కొట్లో ఖాతా, వడ్డీ వ్యాపారి నోటు మిగులుతాయి. పంట పోయినా యజమానికి మక్తా (కౌలు) బస్తాలు కొలవక తప్పదు. సార్వా పొట్ట మీదున్నప్పుడో కోతకు వచ్చినప్పుడో తుఫాను వస్తే, పెట్టుబడి రాయితీకి నష్టం కనీసం 33 శాతం ఉండాలన్న నిబంధన ముందుకొస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకలను ముంచినా, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటినా, ఆ తర్వాతి పది పదిహేను రోజులు నష్టం అంచనా వేసే బృందాలు గట్ల మీద తిరుగుతూనే ఉంటాయి.

అటువంటి ఒక అంచనా రోజున నేను గట్టు మీద ఉన్నాను. వ్యవసాయ సహాయకుడు ట్యాబ్‌లో ఫొటో తీసి, లెక్క చూసి, "33 శాతం రావట్లేదండీ బాబాయ్ గారూ" అన్నాడు. రైతు వాదించలేదు. చేతిలో కంకిని నలిపి, తాలు ఊదేసి, అరచేతిలో మిగిలిన నాలుగు గింజలు చూసుకుని, గట్టు మీద వదిలిన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పక్క మడి రైతు మాత్రం మమ్మల్ని, ప్రభుత్వాన్ని, ఇన్సూరెన్సును కలిపి అరగంట తిట్టాడు. తిట్టినవాడి గురించి నాకు అంత బెంగ ఉండదు. నోరెత్తకుండా వెళ్లిపోయినవాడి ఇంటికి ఆ సాయంత్రం ఎవరైనా వెళ్లి కూర్చోవాలని మా సిబ్బందికి చెప్పేవాడిని. మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత వాళ్లే వచ్చి, ఫలానా ఆయన ఏమీ మాట్లాడలేదండీ, ఒకసారి వెళదామా అని అడగడం మొదలుపెట్టారు.

నేను సూచించే పని దాదాపు అంతే. నష్టం అంచనాకు వెళ్లే రోజున వ్యవసాయ సహాయకుడు తన జాబితాతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకోవాలి. జాబితాలోకి రానివారు, సొంత భూమి లేనివారు, వరుసగా రెండో పంట కూడా పోయినవారు, మాట్లాడకుండా వెళ్లిపోయినవారు అనే నాలుగు గుర్తుల్లో రెండు కనిపించిన ప్రతి ఇంటికీ వారంలోపు ఇద్దరు వెళ్లాలి. వెళ్లినవారు మానసిక ఆరోగ్యం అనే మాట ఎత్తవలసిన పని లేదు. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, అప్పులవాళ్లు ఇంటికి వస్తున్నారా అని అడిగితే మిగతాది ఆయనే చెబుతాడు. మరీ దిగులుగా కనిపిస్తే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగానే అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన సిబ్బంది జంకుతారు. అది నిజం కాదని ఈ రంగంలో పనిచేసేవారందరూ చెబుతారు. అడగడం వల్ల బరువు తగ్గుతుంది. అవునని జవాబు వస్తే ఆయనను ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆరోగ్య సిబ్బందికి అప్పగించాలి.

ఆ ఇద్దరు ఎవరు అనేది ముఖ్యం. ఏఎన్ఎం, ఆశా ఇద్దరూ ఆడవాళ్లే కావడంతో మన మగవాళ్లు వాళ్ల ముందు బీపీ చూపించుకుంటారు గాని మనసు విప్పరు. అందుకని ప్రతి పేట నుంచీ, ప్రతి శివారు నుంచీ ఒక మగ తోడును పంచాయతీ ఎంచుకోవాలి. రిటైరైన మాస్టారు, పోస్టుమ్యాను, చర్చి పాస్టరు, కొబ్బరి దింపు కార్మికుల మేస్త్రి, పడవల మరమ్మతు చేసేవాడు, ఎవరైనా సరే, ఆ పేటలో నలుగురూ మాట వినే మనిషి అయితే చాలు. రాజకీయంగా మరీ ఒకవైపు ఉన్నవారిని, వడ్డీకి అప్పులిచ్చేవారిని మాత్రం దూరంగా ఉంచండి. సర్పంచి గారి గది నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఊరి నడిమధ్య కట్టిన గదికి పేటల నుంచి మగవాళ్లు రారు. శివారు నుంచి అసలే రారు. కట్టిన ఏడాదికే అందులో బ్లీచింగు బస్తాలు నిల్వ ఉంచుతారు.

రొయ్యల రైతుల పరిస్థితి ఇంకొక రకం. భీమవరం, ఉండి, ఆకివీడు వైపే కాక కోనసీమ తీర మండలాల్లోనూ ఇప్పుడు చెరువులే. రాత్రిపూట కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకని రైతు గాని కాపలా మనిషి గాని నెలల తరబడి గట్టు మీది మకాంలో సగం నిద్రతో గడుపుతారు. నిద్రలేమి ఒక్కటే మనిషిని కుంగదీయడానికి చాలు. దానికి మేత అప్పు, వైరస్ భయం, కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) తగ్గ ధర రాదన్న బెంగ తోడవుతాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు కొనుగోలుదారులు ధరలు దించేయడం అందరూ చూశారు. వీళ్లను గ్రామసభకు పిలిచి ప్రయోజనం లేదు. మత్స్య సహాయకుడు నీటి నమూనాల కోసమో, లైసెన్సు కాగితాల కోసమో చెరువుల మీదికి వెళ్లే రోజునే మకాంలో పది నిమిషాలు కూర్చోవాలి. కాపలా మనుషుల్లో ఊరుగాని ఊరి నుంచి వచ్చినవారు ఎక్కువ కనుక వారి ఫోను నంబర్లయినా సచివాలయంలో ఉండాలి.

వేటకు వెళ్లేవారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం. భృతి జాబితా కోసం అందరూ రేవులోనే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. ఆరోగ్య శిబిరానికి అంతకన్న మంచి సమయం లేదు. బీపీ, షుగరు పరీక్షలతో కలిపి పెట్టండి. విడిగా మానసిక శిబిరం అని పేరు పెడితే ఒక్కరూ రారు.

గల్ఫ్ నుంచి వచ్చినవారే పంచాయతీ కంటికి అందరికంటే తక్కువగా ఆనేది. వారికి ఏ జాబితా లేదు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకుండానే వచ్చేసినవాడు ఊళ్లో తలెత్తుకోలేక బయటికి రాడు. భార్య కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లగా, పిల్లలతో ఒంటరిగా మిగిలిన భర్తలు కూడా మన దగ్గర తక్కువేమీ కాదు. వాళ్ల సంగతి ఎగతాళిగా తప్ప ఎవరూ మాట్లాడరు. ఈ రెండు రకాల ఇళ్లూ డ్వాక్రా మహిళలకే తెలుస్తాయి కాబట్టి, సంఘం సమావేశంలో నెలకోసారి ఆ సమాచారం ఏఎన్ఎం చెవిన వేసే ఏర్పాటు చేసుకోండి. అది నోటిమాటగానే ఉండాలి.

ఆరోగ్య శాఖ ఈ పని చేయడం లేదా అని మీరు అడగవచ్చు. చేస్తోంది, సగం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ పత్రం (బీపీ, షుగరు వంటి జబ్బుల ముప్పు అంచనా వేసే పత్రం) చివర రెండు ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిరాశగా ఉండడం ఎన్ని రోజులు జరిగిందని అవి అడుగుతాయి. మార్కులు ఒక హద్దు దాటితే గ్రామ ఆరోగ్య కేంద్రానికి గాని వైద్యాధికారికి గాని పంపాలి. ప్రశ్నలు మంచివే. ఆశా వచ్చేది పగటిపూట, మగవాడు పొలంలోనో చెరువు మీదో ఉంటాడు. భర్త తరఫున భార్య జవాబు చెబుతుంది, పక్కన అత్తగారు వింటూ ఉంటారు. అందువల్ల మగవాళ్ల పత్రాల్లో ఆ రెండు ప్రశ్నలకూ దాదాపు సున్నాలే కనిపిస్తాయి. మగవాళ్ల పత్రాలు సాయంత్రం ఆరు తర్వాత గాని ఆదివారం గాని మనిషి ఎదుట ఉండగానే నింపాలని, ఆ సమయానికి ఆశాకు తోడుగా పేట మనిషి వెళ్లాలని పంచాయతీ కోరవచ్చు. ఆశాకు అదనపు సమయానికి ప్రయాణ ఖర్చు ఇవ్వడం మాత్రం మరచిపోకండి. ఉచిత సేవ పేరుతో వాళ్ల నడుం ఇప్పటికే వంగిపోయింది.

ఇది జరిగే పనేనా అన్న సందేహానికి మన పక్కనే జవాబు ఉంది. ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఆశాలు ట్యాబ్‌తో ఇంటింటా ప్రశ్నలడిగి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పంపారు. సిగ్గు, భయం పోగొట్టే ప్రచారం కూడా దానితోపాటే నడిచింది. మానసిక వైద్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగినట్లు 2017లో ఫలితాలు వెలువడ్డాయి. తర్వాత అదే పద్ధతిని పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోను 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పరీక్షించగా కుంగుబాటు ముప్పు తగ్గినట్లు 2024లో ప్రకటించారు. అవి మెట్ట, ఏజెన్సీ ఊళ్లు, మనవి డెల్టా ఊళ్లు. అయినా ఆశా, డాక్టరు, పత్రం ఒకటే. 12.6 అనే అంకె చిన్నదిగా కనిపించవచ్చు. గుర్తించిన తర్వాత కూడా ఎనిమిదిమందిలో ఏడుగురు వెళ్లలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది. నేను తోడు వెళ్లేవారి గురించి, బస్సు ఛార్జీల గురించి ఇంతగా చెప్పడం అందుకే.

ఎక్కడికి తీసుకెళ్లాలి? మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మామూలు కుంగుబాటుకు అక్కడి వైద్యాధికారే మందు మొదలుపెట్టవచ్చు. తీవ్రంగా ఉంటే రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ ఊరి నుంచి ఎదుర్లంక వంతెన దాటి వెళ్లాలి. ఒక రోజు కూలి పోతుంది, ఒంటరిగా వెళ్లినవాడు ఓపీ క్యూ చూసి వెనక్కి వచ్చేస్తాడు. పేట మనిషి వెంట ఉంటే రాడు. రెండో విడత మందులు ఊళ్లోని ఆరోగ్య కేంద్రం ద్వారా అందేటట్లు వైద్యాధికారితో ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే నెల తిరగకుండా మందు మానేస్తారు. ఈలోగా 14416కు ఫోను చేస్తే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ తెలుగులో, రాత్రింబవళ్లు, ఉచితంగా దొరుకుతుంది. ఆ నంబరును సచివాలయం గోడ మీద రాయించడం కంటే మంగలి కొట్టులో అద్దం పక్కన, ఎరువుల కొట్టు కౌంటరు మీద, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పక్కన అంటించడం మేలు. 17 శాతం కంటే తేమ ఎక్కువ వచ్చిందని బస్తాలు తిరిగి ఆరబెట్టుకుంటూ గంటల తరబడి కూర్చునేవాడికి ఆ నంబరు చదవడానికి తీరిక ఉంటుంది.

ఒకసారి ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి వచ్చినవారి విషయంలో పంచాయతీ చేయగలిగిన పని అన్నిటికంటే పెద్దది, మనం అసలు చేయనిది కూడా అదే. కేసు అవుతుందన్న భయంతో కుటుంబం ఆ సంగతి దాచేస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, అతనికి వైద్యం, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి ఆపడానికో బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. ఈ రెండు మాటలూ మహిళా పోలీసు ఆ ఇంటికి వెళ్లి నోటితో చెప్పాలి. ఆ తర్వాత చేయవలసినదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల చేసిన అధ్యయనం దారి చూపింది. ఆసుపత్రిలో ఉండగా ఒక గంట మాట్లాడడం, తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోను ద్వారానో నేరుగానో పలకరించడం, అంతే చేశారు. ఆ పలకరింపు అందినవారిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, అందనివారిలో 2.2 శాతం. తొమ్మిది పలకరింపులకు ఏ ఆర్థిక సంఘం అనుమతీ అక్కరలేదు.

తాగుడు గురించి ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతి తప్పడం రావచ్చు, అది ప్రాణాపాయం. మన వైపు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్క రోజులో మానేసేవారు చాలామంది. మాల మంచిదే, నలభై ఒక్క రోజులు ఇంట్లో ప్రశాంతత ఉంటుంది. అయితే వేసుకునే ముందు ఒకసారి వైద్యాధికారికి కనబడమని గురుస్వామి ద్వారా చెప్పించండి, ఆయన మాట వింటారు. బెల్టు షాపు మీద గ్రామసభ తీర్మానం చేసి ఎక్సైజు వారికి పంపడం మీ హక్కు. సంక్రాంతి బరుల దగ్గర కోడిపందేలలోను, గుండాట జూదంలోను చేసిన అప్పులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇళ్లను పీడిస్తాయి. ఆ రెండు నెలలూ పేట మనుషులు కాస్త ఎక్కువ తిరగాలి. ఆన్‌లైన్ డబ్బు ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఇప్పుడు కుర్రాళ్లను వేధిస్తున్నవి ఎక్కువగా లోన్ యాప్‌లు. వేధింపుల విషయంలో మండల న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు పెట్టించండి. వరద, తుఫాను బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది, కౌలు రైతులకు ఈ సంగతి దాదాపు తెలియదు.

పురుగుమందులు ఇళ్లలో ఉంచకుండా ఇంటింటికీ తాళం పెట్టెలు పంచుదామని కొందరు సలహా ఇస్తారు. శ్రీలంకలో పెద్ద ఎత్తున అదే చేసి చూశారు. ఫలితం లేదని 2017లో తేలింది. తమిళనాడులోని కడలూరు జిల్లాలో అందరి మందులూ ఊళ్లో ఒకే చోట భద్రపరచి, కావలసిన రోజున తీసుకునే పద్ధతి కొంత ఆశ కలిగించింది. సహకార సంఘం గోదాములో ఒక మూల దొరికితే ప్రయత్నించండి, లేకపోతే ఆ డబ్బు ప్రయాణ ఛార్జీలకే ఉంచండి.

కూర్చునే చోటు కావాలన్న కోరిక మాత్రం న్యాయమైనది. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి పెద్దవయసు మగవాళ్ల కోసం మెన్స్ షెడ్ పేరుతో పనిముట్ల షెడ్లు వెలిశాయి. ఏదో ఒకటి బాగుచేసుకుంటూ పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటారు. చాలా చోట్ల స్థలం స్థానిక కౌన్సిలే ఇస్తుంది. మనకు షెడ్డు కట్టనక్కరలేదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేస్తున్నారు. దానికి ప్రతిఫలంగా మీ శాఖా గ్రంథాలయాన్ని రాత్రి తొమ్మిది వరకు తెరిపించమని, లైటు, ఫ్యాను, రెండు క్యారమ్ బోర్డులు పంచాయతీ ఇస్తుందని అడగండి. పేటలో వేరే పఠన మందిరం ఉంటే అక్కడా అదే చేయండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు బెల్టు షాపు తప్ప మరేదీ తెరిచి లేని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉండండి. నోటు పుస్తకంలోని పేర్లు గ్రామసభలో చదవకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, నోటీసు బోర్డుకు అంటించకూడదు. చికిత్స వివరాల గోప్యత 2017 చట్టం 23వ సెక్షను ఇచ్చిన హక్కు. రెండోది ఫ్లెక్సీలు. చనిపోయినవారి నిలువెత్తు బొమ్మతో, ఎలా పోయారో రాసి, కూడలిలో నెలరోజులు ఉంచే అలవాటు మన దగ్గర పెరిగింది. అదే ఊళ్లో అదే బాధలో ఉన్న మరో మనిషి రోజూ దాని కిందుగా నడుస్తాడు. ఆ కుటుంబంతో మెల్లగా మాట్లాడి దాన్ని తీయించడం సర్పంచి గారు చేయగల పని.

రాబోయే గ్రామసభలో ప్రవేశపెట్టడానికి తీర్మానం ముసాయిదా కింద ఇస్తున్నాను. పేర్లు, తేదీలు మీరు నింపుకోండి.

"ఆరోగ్యకర గ్రామం ఇతివృత్తం కింద, గ్రామంలోని పురుషుల మానసిక ఆరోగ్య సంరక్షణ నిమిత్తం, ప్రతి పేటకు, శివారుకు ఒక తోడు సభ్యుని ఈ సభ ఎంపిక చేయడమైనది. పంట నష్టం, ఆక్వా నష్టం, వేట విరామం నమోదు సమయంలో వ్యవసాయ, మత్స్య సహాయకులు గుర్తించిన కుటుంబాలను ఏడు రోజులలోగా తోడు సభ్యుడు, ఆరోగ్య సిబ్బంది కలిసి సందర్శించవలెను. చికిత్స అవసరమైన వ్యక్తికి, వెంట వెళ్లువారికి ప్రయాణ ఖర్చులు గ్రామ ఆరోగ్య కమిటీ నిధి నుంచి, చాలనిచో సాధారణ నిధి నుంచి చెల్లించుటకు ఆమోదించడమైనది. ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడిన వ్యక్తిని, అతని సమ్మతితో, పద్దెనిమిది నెలల పాటు తొమ్మిదిసార్లు పలకరించే బాధ్యత ఆరోగ్య సిబ్బందికి, తోడు సభ్యునికి అప్పగించడమైనది. వ్యక్తుల పేర్లు ఏ రికార్డులోను బహిరంగపరచరాదు. సందర్శనల సంఖ్య మాత్రమే ప్రతి నెల పంచాయతీ సమావేశంలో నివేదించవలెను. ఈ తీర్మానం ప్రతులను మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అధికారికి పంపవలెను."